కేమన్ ఎస్ షాక్ అబ్జార్బర్లు: రీబిల్డ్ చేయించాలా, కొత్తవే వేయించాలా?

కేమన్_కోకాపేట | శనివారం, ఉదయం 8:15

అందరికీ నమస్కారం. నా దగ్గర 2010 మోడల్ పోర్షే కేమన్ ఎస్ ఉంది. మూడేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఇప్పటికి 71,000 కిలోమీటర్లు తిరిగింది. పీఏఎస్ఎం ఉన్న బండి, అంటే బటన్ నొక్కితే షాక్‌లు గట్టిపడే రకం.

ఆరు నెలలుగా ఇబ్బంది పెడుతోంది. హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద వందకి పైన వెళ్తూ బ్రిడ్జి జాయింట్ దాటితే వెనక భాగం ఒక్క ఊపుతో ఆగడం లేదు, రెండు మూడుసార్లు ఊగుతోంది. ముందు ఎడమవైపు చిన్న స్పీడ్ బ్రేకర్‌కి కూడా ‘టక్’ మంటోంది. వెనక టైర్లు అలలు అలలుగా అరిగాయి, లోపల కూర్చుంటే బేరింగ్ పోయిందేమో అన్నంత హోరు. లిఫ్ట్ ఎక్కించి చూస్తే వెనక కుడి షాక్ సగం దాకా నూనెతో తడిసి, దుమ్ము పట్టి ఉంది. మిగతా మూడూ పొడిగానే ఉన్నాయి.

సర్వీస్ సెంటర్ వాళ్లు నాలుగూ మార్చాలని ఆరు లక్షల పైన ఎస్టిమేట్ ఇచ్చారు. బయట ఒక గ్యారేజీలో నాలుగూ విప్పి రీబిల్డ్ చేసి, అంటే లోపల సీల్, నూనె లాంటివి మార్చి మళ్లీ కట్టి, లక్షా ఇరవై వేలకి ఇస్తామంటున్నారు. ఏం చేయమంటారు?

ట్రాక్‌డే_వంశీ | శనివారం, ఉదయం 9:02

కొత్తవే వేయించండి. నాలుగూ. దీని గురించి ఎక్కువ ఆలోచించొద్దు.

కారణం చెప్తాను. కేమన్‌లో ముందూ వెనకా నాలుగు చక్రాలకీ మెక్‌ఫెర్సన్ స్ట్రట్లే, స్ప్రింగూ షాకూ కలిసి ఒకే కాలులా ఉండే రకం. అంటే షాక్ పని ఊగడాన్ని ఆపడం ఒక్కటే కాదు, చక్రాన్ని నిలబెట్టేది కూడా అదే. మలుపులో పక్కకి పడే బరువంతా ఆ రాడ్ మీద, రాడ్‌ని పట్టుకునే గైడ్ బుష్ మీద పడుతుంది. అందుకే సీల్ కారిందంటే చాలాసార్లు లోపల బుష్ కూడా అరిగే ఉంటుంది. బయట గ్యారేజీలో ఏం చేస్తారు? పైన నొక్కేసిన మూతని లేత్ మీద కోస్తారు, దొరికిన సీల్ వేస్తారు, దొరికిన నూనె పోస్తారు, మళ్లీ మూసేస్తారు. లోపల పిస్టన్ మీద పలచని స్టీలు రేకులు పేర్చి ఉంటాయి, నూనె ఎంత వేగంగా పోవాలో అవే నిర్ణయిస్తాయి. ఆ రేకుల లెక్క వాళ్లకి తెలియదు, నూనె చిక్కదనం తెలియదు, గ్యాస్ ఎంతుండాలో తెలియదు.

320 హార్స్‌పవర్ బండి అది. షాక్ చేతులెత్తేస్తే టైరు రోడ్డుని వదిలేస్తుంది, బ్రేక్ నొక్కినా ఏబీఎస్ తికమకపడుతుంది, ఆగే దూరం పెరుగుతుంది. ఇక్కడ డబ్బు మిగుల్చుకోకండి.

నెల్లూరు_సాయి | శనివారం, ఉదయం 9:30

ఫాలో అవుతున్నాను. నా బండికీ ఇదే హోరు.

ఆటోనగర్_శంకరం | శనివారం, ఉదయం 11:47

నేను బెజవాడ ఆటోనగర్‌లో 31 ఏళ్లుగా షాక్‌ల పని చేస్తున్నాను. లారీలు, జీపులు, ఇప్పుడు పెద్ద కార్లు కూడా. వంశీ గారు రాసింది చదివితే మా పనంతా మోసం అనుకుంటారు.

రీబిల్డ్ అంటే తక్కువ రకం పని అని ఎవరన్నారు? ఓలిన్స్, కోనీ, బిల్‌స్టీన్ వాళ్లే తమ షాక్‌లని విప్పి మళ్లీ కట్టి ఇస్తారు. రేసు బండ్లకి సీజన్ మధ్యలో కూడా షాక్ విప్పుతారు, నూనె మారుస్తారు, సీల్ మారుస్తారు. అది అక్కడ మామూలు సర్వీసు. అక్కడ గొప్ప పని, ఇక్కడ మేం చేస్తే నాసి పనా?

కేమన్ గారూ, ముందు ఆ ‘టక్’ ఎక్కడిదో చూపించుకోండి. షాక్ పోతే ఎక్కువగా ఊగుతుంది, ‘టక్’ మనడం తక్కువ. ఆ శబ్దం, బండి పక్కకి వంగకుండా ఆపే కడ్డీకి కలిసే లింక్ రాడ్‌ది కావచ్చు, పైన స్ట్రట్‌ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు టాప్ మౌంట్‌ది కావచ్చు. రెండోది, ఒక్క షాక్ కారితే నాలుగూ మార్చమనడం ఏం న్యాయం? జత మార్చాలి, ఒప్పుకుంటాను. ఎడమ కొత్తది, కుడి పాతది ఉంటే బండి ఒక పక్కకి లాగినట్టు ఉంటుంది. కానీ నాలుగూ ఎందుకు?

రీబిల్డ్‌కి వచ్చే షాక్‌లో నేను మొదట చూసేది రాడ్. క్రోమ్ మీద వేలిగోరు పెట్టి పై నుంచి కిందకి గీస్తాను. గోరు ఎక్కడ పట్టుకుంటే అక్కడ గుంట ఉన్నట్టు. గుంట ఉన్న రాడ్‌కి బంగారు సీల్ వేసినా నెలలో కోసేస్తుంది. అలాంటిది నేను తిప్పి పంపేస్తాను. రాడ్ నున్నగా ఉంటే బుష్, సీల్, నూనె, గ్యాస్ కొత్తవి వేస్తే కొత్త షాక్‌లాగే పనిచేస్తుంది.

ట్రాక్‌డే_వంశీ | శనివారం, మధ్యాహ్నం 12:20

శంకరం గారూ, గ్యాస్ కొత్తది వేస్తామన్నారు. ఎన్ని బార్ (గ్యాస్ ఒత్తిడి కొలత) వేస్తారు?

ఆటోనగర్_శంకరం | శనివారం, మధ్యాహ్నం 1:05

బండిని బట్టి.

ట్రాక్‌డే_వంశీ | శనివారం, మధ్యాహ్నం 1:09

అది జవాబు కాదు. ఒకే గొట్టంలో నూనె, గ్యాస్ రెండూ ఉండే మోనోట్యూబ్ షాక్‌లో నైట్రోజన్ ఎందుకుంటుంది? పిస్టన్ వేగంగా కదిలినప్పుడు నూనె నురగ కట్టకుండా నొక్కి పట్టడానికి. తక్కువైతే నురగ కడుతుంది, నాలుగు మలుపులకే పట్టు పోతుంది. ఎక్కువైతే సీల్ మీద భారం. అంకె చెప్పండి.

ఆటోనగర్_శంకరం | శనివారం, మధ్యాహ్నం 2:31

20 నుంచి 30 మధ్య వేస్తాం. గేజ్ ఉంది, నైట్రోజన్ సిలిండర్ ఉంది. గాలి పంపు పెట్టి కొట్టడం లేదు బాబూ.

ట్రాక్‌డే_వంశీ | శనివారం, మధ్యాహ్నం 2:40

20కీ 30కీ మధ్య పది బార్ తేడా! ఎడమ షాక్‌లో 20, కుడి షాక్‌లో 30 పడితే?

డల్లాస్_ప్రసాద్ | శనివారం, సాయంత్రం 6:10

లెక్క చూద్దాం. గ్యాస్ ఒత్తిడి రాడ్‌ని ఎప్పుడూ బయటికి తోస్తూ ఉంటుంది. రాడ్ 14 మిల్లీమీటర్లు అనుకుంటే దాని అడ్డుకోత దాదాపు 1.5 చదరపు సెంటీమీటర్లు. 20 బార్‌కి 31 కిలోల తోపు, 30 బార్‌కి 47 కిలోలు. అంటే రెండు పక్కల మధ్య 15, 16 కిలోల తేడా. స్ట్రట్ రాడ్‌లు ఇంకా లావు కాబట్టి తేడా ఇంకా పెరుగుతుంది. బండి ఎత్తు కొన్ని మిల్లీమీటర్లు మారొచ్చు. కాబట్టి వంశీ అడిగింది న్యాయమే. కానీ ఎడమా కుడీ ఒకే అంకె వేస్తే సగం సమస్య తీరినట్టే, అది శంకరం గారికి తెలియని విషయం కాదనుకుంటా.

ఇంకో మాట. ఇక్కడ అమెరికాలో కొందరు పీఏఎస్ఎం తీసేసి మామూలు షాక్‌లు వేస్తారు. అప్పుడు డ్యాష్ మీద వార్నింగ్ లైటు వెలుగుతూనే ఉంటుంది, దానికి వేరే మాడ్యూల్ పెట్టాలి. బిల్‌స్టీన్‌లో డ్యాంప్‌ట్రానిక్ అనే రకం ఉంది, అది బండిలో ఉన్న బటన్‌తోనే పనిచేస్తుంది. మీ ఛాసిస్ నంబర్ ఇచ్చి సరిపోయేది ఉందేమో అడగండి.

ఆటోనగర్_శంకరం | శనివారం, రాత్రి 9:55

ఎడమా కుడీ ఒకటే వేస్తాను. అది కూడా చెప్పాలా?

వంశీ గారికి ఒక సంగతి చెప్పాలి. రెండేళ్ల క్రితం ఒక డాక్టర్ గారి బండికి వెనక జత కట్టి ఇచ్చాను. నాలుగు నెలలు బాగా నడిచింది. తర్వాత ముందు శబ్దం వస్తోందని ఆయన ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లారు. నేను కట్టినవి చూసి ‘ఇది ఎవరు ముట్టుకున్నారు సార్, ఇలాంటి చోట ఇస్తారా’ అన్నారట. నాలుగూ పీకేసి కొత్తవి వేశారు, లక్షల్లో బిల్లు వేశారు. శబ్దం పోలేదు. చివరికి చూస్తే ముందు టాప్ మౌంట్. నేను ముట్టుకోని పార్టు. కానీ ఆయన నా దగ్గరకి మళ్లీ రాలేదు, ఇంకో ముగ్గుర్ని రావొద్దని కూడా చెప్పారు. మీలాంటి వాళ్లు రాసేదాని వల్లే ఇది జరుగుతుంది.

ట్రాక్‌డే_వంశీ | శనివారం, రాత్రి 10:12

నేను ఆ సర్వీస్ సెంటర్ తరఫున మాట్లాడటం లేదు. ఒక్కటే అడుగుతున్నాను. మీరు కట్టిన షాక్‌ని డైనో (షాక్‌ని రకరకాల వేగాలతో కదిపి బలం కొలిచే మెషీన్) మీద పెట్టి గ్రాఫ్ తీస్తారా, తీయరా?

ఆటోనగర్_శంకరం | శనివారం, రాత్రి 10:20

డైనో లేదు. చేత్తో నొక్కి చూస్తాను. రెండూ ఒకేలా లేస్తున్నాయో లేదో 31 ఏళ్ల చేతికి తెలుస్తుంది.

ట్రాక్‌డే_వంశీ | శనివారం, రాత్రి 10:24

చేత్తో నొక్కే వేగం ఎంత, ఓఆర్ఆర్ మీద జాయింట్ తగిలినప్పుడు పిస్టన్ కదిలే వేగం ఎంత? చేతికి తెలిసేది నెమ్మది కదలిక ఒక్కటే. ఇలాంటి బండిని చేతి అంచనాతో రోడ్డెక్కించడం నేరం అంటాను.

ఆటోనగర్_శంకరం | శనివారం, రాత్రి 10:31

నేరమా? మా నాన్న చేతి పనితో ఇల్లు నడిచింది, నా చేతి పనితో ఇద్దరు పిల్లలు ఇంజనీరింగ్ చదివారు. కాగితం మీద గ్రాఫ్ లేకపోతే మేం నేరస్తులమా? మీకు మా చేతులంటే చులకన. ఆ మాట నేరుగా అనండి, బార్ల లెక్కలు ఎందుకు?

గుంటూరు_మాధవి | శనివారం, రాత్రి 10:40

ఇద్దరూ కాస్త ఆగండి. పొద్దుటి నుంచి నైట్రోజన్ ఎన్ని బార్ అని కొట్టుకుంటున్నారు. కేమన్ గారి బండిలో ఉన్నది మోనోట్యూబా, ట్విన్ ట్యూబా (గొట్టంలో గొట్టం ఉండే రకం) అని ఒక్కరైనా అడిగారా? ట్విన్ ట్యూబ్ అయితే గ్యాస్ ఒత్తిడి చాలా తక్కువ, మీ 20, 30 అంకెలే వర్తించవు. పైగా అది పీఏఎస్ఎం, అంటే ఎలక్ట్రానిక్ వాల్వ్ ఉన్న షాక్. శంకరం గారూ, అలాంటిది మీరు ఎప్పుడైనా విప్పారా?

ట్రాక్‌డే_వంశీ | శనివారం, రాత్రి 11:18

మాధవి గారు అడిగింది నిజం, నేను అడగాల్సింది అదే.

శంకరం గారూ, చేతులంటే చులకన కాదు. 2019లో నా పాత బండికి వెనక షాక్‌లు ఒక గ్యారేజీలో రీబిల్డ్ చేయించాను. కొత్తవాటికన్నా గట్టిగా ఉంటాయన్నారు. రెండు వారాలకి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి తీసుకెళ్లాను. నాలుగో ల్యాప్‌లో వెనక ఎడమ సీల్ ఊడిపోయి నూనె టైరు మీద పడింది. బండి రెండు చుట్లు తిరిగి మట్టిలోకి వెళ్లి ఆగింది. పక్క సీట్లో మా తమ్ముడు. వాడికి భుజం ఎముక విరిగింది. గ్యారేజీకి ఫోన్ చేస్తే ‘మీరు బాగా తోలారు, మా పని కాదు’ అన్నారు. బిల్లు లేదు, ఏం వేశారో రాసిన చీటీ లేదు. నేను గ్రాఫ్ అడిగేది అందుకు. ఏదైనా జరిగితే చేసినవాడు ‘నేనే చేశాను’ అనాలి. సర్వీస్ సెంటర్‌కి ఆరు లక్షలు ఇస్తే కనీసం కాగితం మీద ఒక పేరు ఉంటుంది.

ఆటోనగర్_శంకరం | ఆదివారం, ఉదయం 6:50

తమ్ముడికి ఇప్పుడెలా ఉంది?

రాత్రి చదివాను, వెంటనే రాయలేకపోయాను. ఎలక్ట్రానిక్ వాల్వ్ ఉన్న షాక్ నేను ఇప్పటిదాకా విప్పలేదు. పక్కన వైరు వచ్చేది నా బల్ల మీదకి రాలేదు. కేమన్ గారి షాక్ నేను కడతానని అనలేదు, అనను కూడా. ఆ గ్యారేజీ వాళ్లు ఇలాంటివి ఇదివరకు ఎన్ని కట్టారో అడగండి, ఆ బండ్ల ఓనర్లతో మాట్లాడండి. వాల్వ్ పనిచేస్తోందో లేదో ఎలా చూస్తారో అడగండి. జవాబు రాకపోతే వదిలేయండి.

నేను కట్టినవాటికి మాత్రం సీల్ నంబరు, నూనె రకం, గ్యాస్ ఎంతో రాసి సంతకం పెట్టి ఇస్తాను. ఆరు నెలల్లో కారితే నా ఖర్చు. ఇది మొదటి రోజు నుంచీ ఉంది. మీరు అడిగి ఉంటే నిన్న పొద్దున్నే చెప్పేవాణ్ని.

ట్రాక్‌డే_వంశీ | ఆదివారం, ఉదయం 8:05

భుజం బాగానే ఉంది. ట్రాక్‌కి మాత్రం మళ్లీ రాలేదు.

అడగకపోవడం నా తప్పే.

కేమన్_కోకాపేట | గురువారం, రాత్రి 8:45

అప్‌డేట్. ‘టక్’ శబ్దం ముందు ఎడమ టాప్ మౌంట్‌ది, రబ్బరు చీలిపోయింది. ముందు షాక్‌లు రెండూ పొడిగా ఉన్నాయి, రాడ్ మీద గుంటలు లేవు. రీబిల్డ్ చేస్తామన్న గ్యారేజీ వాళ్లు ఎలక్ట్రానిక్ షాక్‌లు చేశామన్నారు గానీ ఒక్క ఓనర్ నంబర్ కూడా ఇవ్వలేదు. అందుకే వెనక జత కొత్తవి ఆర్డర్ ఇచ్చాను. ముందు రెండింటికి టాప్ మౌంట్లు, బంప్ స్టాపర్లు (షాక్ పూర్తిగా కుంగినప్పుడు ఆపే ముక్కలు) మాత్రం కొత్తవి. తర్వాత అలైన్‌మెంట్.

ట్రాక్‌డే_వంశీ | గురువారం, రాత్రి 9:10

ముందువి 71,000 తిరిగినవి. పొడిగా ఉన్నాయంటే బాగున్నాయని కాదు. ట్రాక్‌కి వెళ్లే ముందు అవీ మార్చండి. రోడ్డు మీదికైతే ఒప్పుకుంటాను.

ఆటోనగర్_శంకరం | గురువారం, రాత్రి 9:32

ఒక జాగ్రత్త. బిగించేటప్పుడు రబ్బరు బుష్‌ల బోల్టులు బండి గాల్లో వేలాడుతుండగా ఫైనల్ టైట్ చేయనివ్వకండి. చక్రాల మీద బరువు పడ్డాక టైట్ చేయాలి. లేకపోతే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, ఏడాదిలో చిరుగుతుంది.

పాత వెనక జత స్క్రాప్‌కి వేయకండి. కొరియర్ ఖర్చు నాది, నాకు పంపండి. విప్పి చూడాలని ఉంది.

ట్రాక్‌డే_వంశీ | గురువారం, రాత్రి 9:40

విప్పినప్పుడు ఫోటోలు పెట్టండి శంకరం గారూ. రేకులు ఏ వరసలో ఉన్నాయో తీసే ముందే ఒకటి తీయండి. గ్యాస్ పూర్తిగా పోయాకే కోయండి.

ఆటోనగర్_శంకరం | గురువారం, రాత్రి 9:44

చిన్న బెజ్జం వేసి, గుడ్డ కప్పి, మొహం పక్కకి పెట్టి వదులుతాను. మా నాన్న నేర్పిన మొదటి పని అదే. ఫోటోలు పెడతాను.