నాన్న కథల పుస్తకానికి అట్ట నేనే చేయనా, ఆర్టిస్టుకు ఇవ్వనా?

ప్రశ్న:
మా నాన్నగారు బడిపంతులుగా ఉంటూ రాసుకున్న కథలను పుస్తకంగా వేస్తున్నాం. డెమీ సైజు (మామూలు కథల పుస్తకాల సైజు), 144 పేజీలు, 500 కాపీలు. జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనకు తేవాలని ఆశ. క్యాన్వా అనే డిజైన్ యాప్‌లో అట్ట నేనే చేశాను: మా ఊరి చెరువు ఫొటో, దాని మీద రామభద్ర ఫాంట్‌లో పేరు. ఇంట్లో అందరికీ నచ్చింది. ప్రెస్ ఆయన మాత్రం ఆర్టిస్టుతో వేయించమంటున్నారు. ఆర్టిస్టు 8,000 అడిగారు. నాన్న గురించి నాకు తెలిసినంత వాళ్లకేం తెలుస్తుంది అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు 1:
మీ ఫొటోతోనే కానివ్వండి. ఫైలు 300 డీపీఐ (అచ్చుకు సరిపడే స్పష్టత), సీఎంవైకే (అచ్చుకు వాడే రంగుల పద్ధతి), చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) ఉంటే చాలు.

జవాబు 2:
నేను పుస్తకాలకు పేజీలు కట్టే పనిలో ఉన్నానండీ. ఆర్టిస్టుకే ఇవ్వండి. చెరువు మీకు నాన్నగారిని గుర్తు చేస్తుంది. ఆయన్ని ఎరగని పాఠకుడికి అది ఏదో ఒక చెరువు. ఆ పాఠకుడి వైపు నుంచి కథలు చదివేవాళ్లు ఒకరు కావాలి.

అక్షరాల సంగతి మరీ ముఖ్యం. బాపు గారి కాలం నుంచీ మన అట్టల మీద పేరును కూడా బొమ్మలాగే గీయడం ఉంది. కథ స్వభావం ఆ గీతలోనే తెలిసిపోతుంది. రామభద్ర మంచి ఫాంటే, కానీ బరువైనది. పెళ్లి బ్యానర్లకూ అదే కనబడుతుంటుంది.

ఇక వెన్ను, అంటే పేజీలు అతికించిన వైపు ఉండే సన్నని అంచు. 144 పేజీలకు 70 జీఎస్ఎం (కాగితం మందాన్ని బట్టి ఉండే బరువు) మ్యాప్‌లితో రకం కాగితం వాడితే అది దాదాపు 7 మి.మీ. వస్తుంది. పైన గుడులు, కింద వత్తులు చోటు తినేస్తే అసలు అక్షరం చిన్నదైపోతుంది. స్టాల్లో పుస్తకం నిలబెడితే కనబడేది ఆ వెన్నే. చేయి తిరిగినవాళ్లు దానికి పేరును విడిగా గీస్తారు.

డబ్బు ఇబ్బందైతే 300 కాపీలే వేయండి. తర్వాత మళ్లీ వేసుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
చాలా ధన్యవాదాలండీ. ఆర్టిస్టుకు ఏం చెప్పాలి? చెరువు గీయమని అడగొచ్చా?

జవాబు 2:
అడగకండి, కథలివ్వండి. ఆర్టిస్టుకు అన్నీ చదివే తీరిక లేకపోతే మీకు బాగా ఇష్టమైనవి మూడు ఇవ్వండి. నాన్నగారు ఎక్కడ కూర్చుని రాసేవారో, ఎవరి గురించి రాసేవారో ఫోన్లో కాసేపు మాట్లాడండి. అది మీరు తప్ప ఎవరూ చెప్పలేరు. ముందు పెన్సిల్ రఫ్‌లు చూపించమనండి, మార్పులేవైనా అప్పుడే చెప్పాలి. రెండో ముద్రణకూ ఈ-బుక్కుకూ అదే బొమ్మ వాడుకుంటామని కాగితం మీద రాసుకోండి. లోపలి పేజీలో ఆర్టిస్టు పేరు వేయడం మరవొద్దు.

జవాబు 3:
ఒక్క మాట కలుపుతాను. డీటీపీ వాళ్లు యూనికోడ్‌లో (ఫోన్లలో మామూలుగా టైప్ చేసే పద్ధతి) ఉన్నదాన్ని అనూ ఫాంట్లలోకి (ప్రెస్సుల్లో వాడే పాత తరహా ఫాంట్లు) మారుస్తుంటే పొల్లులు, సంయుక్తాక్షరాలు అక్కడక్కడ తారుమారవుతాయి. ఆఖరి ప్రూఫు కాగితం మీద తీయించి మీరే చదవండి. నాన్నగారి యాస మాటలను కొత్తవాళ్లు తప్పనుకుని దిద్దేస్తారు.