ఉరుగ్వే యూజర్లకు అర్జెంటీనా స్పానిష్ టెక్స్ట్ పెట్టొచ్చా?

మా ఆండ్రాయిడ్ యాప్‌లో స్పానిష్‌కి రెండు టెక్స్ట్ సెట్లు ఉన్నాయి. లాటిన్ అమెరికా మొత్తానికి ఈఎస్-419, ఇది ‘తూ’ (చనువుగా ‘నువ్వు’) రూపాల్లో. అర్జెంటీనాకు ఈఎస్-ఏఆర్, ఇది ‘వోస్’లో (ఇదీ ‘నువ్వు’ అనే, క్రియారూపాలు వేరు). అంటే ‘ప్యూదెస్’ (నువ్వు చేయగలవు) బదులు ‘పొదేస్’, ‘రెహీస్త్రతె’ (రిజిస్టర్ చేసుకో) బదులు ‘రెహిస్త్రాతె’ (ఇక్కడ రాతలో యాక్సెంట్ గుర్తు తీసేయాలి, చాలామంది వదిలేస్తారు).

ఫోన్ భాష స్పానిష్-ఉరుగ్వే అయితే సిస్టమ్ ఈఎస్-419కే పోతుంది, ఈఎస్-ఏఆర్ వైపు చూడదు. దాంతో రాజధాని మాంటెవిడియోలో కూడా ‘ప్యూదెస్’ వస్తోంది.

ఈఎస్-ఏఆర్‌ని ఉరుగ్వే ఫోల్డర్‌లోకి కాపీ చేసి చూశాను. సాంకేతికంగా ఇబ్బంది లేదు. మాంటెవిడియో టెస్టర్ ఓకే అన్నారు, తూర్పున ఉన్న రోచా వైపు టెస్టర్ మాత్రం ఇది బ్యూనస్ ఐరెస్ మాటలా ఉందన్నారు. అక్కడ ‘తూ’నే వాడతారట. ‘తూ పొదేస్’ అని కలిపి మాట్లాడేవాళ్లూ ఉన్నారు, కానీ అది స్క్రీన్ మీద పెట్టేది కాదు. ‘ఉస్తెద్’కి (మర్యాదగా ‘మీరు’) మారిస్తే ఇద్దరికీ బ్యాంకు నోటీసులా అనిపించింది. ఎవరినీ ఉద్దేశించని ఇన్ఫినిటివ్ క్రియారూపం ‘ఇంగ్రెసార్’ (లాగిన్ అవడం) లాంటి బటన్లకు సరిపోతుంది, ‘మీ పాస్‌వర్డ్ తప్పు’ లాంటి ఎర్రర్ మెసేజ్‌లకు కుదరదు. అక్కడ ‘తు’నో (నీ) ‘సు’నో (మీ) ఎంచుకోక తప్పదు.

ఉరుగ్వే యూజర్ల కోసం యాప్ టెక్స్ట్ రాసినవాళ్లు చెప్పండి: దేశమంతటికీ ఒకే సెట్ పెట్టాలంటే ‘వోస్’ పెడతారా, ‘తూ’ పెడతారా?