సావేజ్ మోడల్ 24 తుపాకీకి సీరియల్ నంబర్ లేదు, ఏ ఏటిదో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: పైన .22 రైఫిల్ గొట్టం, కింద .410 షాట్‌గన్ గొట్టం. ఏ గొట్టం పేలాలో ఎంచుకునే సెలెక్టర్ బొత్తాం రిసీవర్ (పేల్చే యంత్రాంగం ఉండే లోహపు భాగం) కుడిపక్క ఉంది. నంబర్ ఎవరైనా అరగదీశారంటారా?

జవాబు 1: అరగదీస్తే ఆకురాయి గీతలు, రంగు తేడా కనిపిస్తాయండి. అవి లేకపోతే అనుమానం అక్కర్లేదు. అమెరికాలో 1968 గన్ కంట్రోల్ చట్టానికి ముందు ఇలాంటివాటికి నంబర్ తప్పనిసరి కాదు. రిసీవర్ మీద చిన్న వలయంలో అంకె, పక్కన అక్షరం ఉంటుంది, వెతకండి. తయారైన సంవత్సరం చెప్పేది అక్షరమే: ఎ అంటే 1949, బి అంటే 1950. ఓ, క్యూ వాడలేదు కాబట్టి పి 1963, ఆర్ 1964. ముద్ర లోతు తక్కువ. టార్చి ఏటవాలుగా వేస్తేనే చదవగలరు.

జవాబు 2: బొత్తాం పక్కన ఉందంటే పాత రకమే. తర్వాతి వాటిలో సెలెక్టర్ హ్యామర్ (పేల్చే ముందు వెనక్కి లాగే మీట) మీదికి మారింది. ముందుగా గొట్టం మీద స్టీవెన్స్ (సావేజ్ వారి కంపెనీయే) అని ఉందో సావేజ్ అని ఉందో చూడండి. మోడల్ 24 పేరు 1950లో వచ్చింది, అంతకుముందు ఇదే తుపాకీ స్టీవెన్స్ పేరుతో అమ్మేవారు. ఆ స్టీవెన్స్ తుపాకుల్లో కొన్నిటికి టెనైట్ ప్లాస్టిక్ కట్ట (భుజానికి ఆనించే భాగం) ఉంటుంది. అది సెల్యులోజ్ సరుకు, ఏళ్లు గడిచేకొద్దీ కుంచించుకుని రిసీవర్ దగ్గర సందు పడుతుంది. అసిటోన్‌తో మాత్రం తుడవకండి, కరిగిపోతుంది!

ప్రశ్న అడిగినవారు: వలయంలో 'ఎం' అనే అక్షరం ఉంది. కట్ట చెక్కదే.

జవాబు 1: అయితే 1961.