సమస్య: ఉత్తరంబు కదలకూరు చేరె

నిర్వాహకుడు:
ఈ వారం ఆటవెలది. సందర్భం ఒక్కటే: ఆఫీసు మెయిలును కంప్యూటర్లోని థండర్‌బర్డ్‌లోనో అవుట్‌లుక్‌లోనో చేత్తో సెట్ చేసుకోవడం. పేరు, అడ్రసు, పాస్‌వర్డు కొట్టగానే సర్వర్ దానంతటదే దొరికిపోతే పద్యం పుట్టదు. దొరకలేదని చేతులెత్తేసి సర్వర్ పేరు, పోర్టు (సర్వర్లోకి వెళ్ళే గుమ్మం నంబరు), భద్రత అన్నీ మనల్నే నింపమన్నప్పుడు పుడుతుంది. ఐటీ వాళ్ళిచ్చే చీటీలో మామూలుగా ఉత్తరాన్ని సర్వర్లోనే ఉంచి చదివే ఐమ్యాప్‌కి 993, దించుకుని చదివే పాప్‌కి 995, పంపడానికి 587 లేదా 465 ఉంటాయి. అంకెల్ని భూతసంఖ్యల్లో (అంకెకు బదులు దాన్ని సూచించే మాటల్లో) చెప్పినవారికి శాలువా, మాటల్లోనే. సమస్య అచ్చుతో మొదలవుతోంది కాబట్టి మూడో పాదం చివర విసంధిని (సంధి చెయ్యకుండా వదిలెయ్యడాన్ని) పట్టించుకోను. 'కదలక ఊరు' సంధిలో ఊ ఉంది, యతి చెల్లుతుంది. దాని మీద తగువులొద్దు.

సర్వర్‌గది:
గుణనిధిగ్రహముల గుమ్మాన నిలబడి
సర్వరింట నున్న జాబు చూడ
నీడ తెరను బడెను, నిజమింట నున్నది
ఉత్తరంబు కదలకూరు చేరె

యతిమైత్రి:
గుణాలు మూడు, నిధులు తొమ్మిది, గ్రహాలు తొమ్మిది. కుడినుంచి ఎడమకు చదివితే 993. 'గ్ర' వల్ల 'ధి' గురువవుతుందని లెక్క చూసుకునే రాశారు. మూడో పాదం నాకు మరీ నచ్చింది. నిజము ఇంట ఉందన్నా సరే, నిజం మింట ఉందన్నా సరే. మింట ఉన్నది క్లౌడే కదా! రెండో పాదం మాత్రం అయిదూ హగణాలే (గురువు, లఘువు), మెట్లు దిగుతున్నట్టు ఒకటే దడదడ. 'నున్న' తీసి 'వెలయు' వేస్తే కాస్త ఊపిరాడుతుంది.

గోదారిగట్టు:
శరనిధిగ్రహములు చాలంచు నమ్మితి
పాపు పట్టి తెచ్చె పత్రమెల్ల
కుర్చినుండి నేను కొంచెమున్ లేవకే
ఉత్తరంబు కదలకూరు చేరె

నిర్వాహకుడు:
ఛందస్సులో వేలు పెట్టే సందు లేదు. 995 కూడా చక్కగా కుదిరింది. కానీ పూరణ తెగలేదండీ. కదలనిది ఉత్తరం. మీరు కుర్చీలోంచి కదలకపోతే సమస్య తీరదు. పైగా పాప్! ఉత్తరాన్ని దించుకున్నాక సాఫ్ట్‌వేర్ 'తీసెయ్' అని చెప్పి 'క్విట్' అనగానే సర్వర్ తన ప్రతిని చెరిపేస్తుంది. మూటాముల్లె సర్దుకుని వచ్చేసినదాన్ని పట్టుకుని కదలలేదంటే ఎలాగ?

గోదారిగట్టు:
సర్వర్లో ప్రతి ఉంచమని ఒక టిక్కుంటుందండీ, నేను దాన్ని తియ్యలేదు. అప్పుడు కదిలినట్టా, కదలనట్టా? ఆ మాటకొస్తే ఐమ్యాప్‌లోనూ థండర్‌బర్డ్ మెయిళ్ళను నా డిస్కులోకి దించుకుంటుంది, నెట్ లేనప్పుడు చదువుకోవడానికి. సర్వర్‌గది గారికో న్యాయం, నాకో న్యాయమా?

సర్వర్‌గది:
అడగాల్సిన ప్రశ్నే. ప్రతి ఎక్కడుందన్నది కాదండీ తేడా, ఎవరి మాట చెల్లుతుందన్నది. ఐమ్యాప్‌లో మీ డిస్కు మీదిది నకలు, అసలు పెట్టె సర్వర్‌ది. ఇక్కడ చదివితే ఫోన్లోనూ చదివినట్టే, ఇక్కడ తీసేస్తే అక్కడా పోయినట్టే. ఫోల్డర్లూ అక్కడివే. పాప్‌లో దిగిన ఉత్తరం మీ సొంతం, సర్వర్లో మిగిలినదాని దారి దానిది. మీరు చదివారో లేదో దానికి పట్టదు. 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ ఐమ్యాప్‌ని మొదలుపెట్టినప్పటి ఆలోచనే అది: ఉత్తరాన్ని ఉన్నచోటే ఉంచి దూరం నుంచి చదువుకోవడం. మీ టిక్కు వల్ల ఉత్తరం రెండయింది, అంతే.

గోదారిగట్టు:
'రెండయి' అని యతి కుదుర్చుకుని మళ్ళీ వస్తా. ఓడిపోయానని మాత్రం రాసుకోకండి.

కొత్తకలం:
పెద్దలు తప్పులు చెప్పగలరు.
పూర్తి యీమెయిలును యూజరు పేరుగా
తాళమేసి దారి తప్పకుండ
నూళ్ళు రెంటఁ గంటి నొక్కటే జాబును
ఉత్తరంబు కదలకూరు చేరె

యతిమైత్రి:
పూ–యూ యతి కుదరదు. అచ్చు ఒక్కటయినా హల్లుకు మైత్రి లేదు. పైగా మొదటి పాదంలో క్రియ లేక వాక్యం గాల్లో వేలాడుతోంది. 'పూర్తి మెయిలు పేరు పొందుగా నింపితి' అంటే రెండూ తీరతాయి. మూడో పాదానికి మాత్రం దణ్ణం. ఆఫీసులోనూ ఇంట్లోనూ ఒకే జాబు, రెండు కాదు. గోదారిగట్టు గారి తగువుకు ఇదే తీర్పు.

సర్వర్‌గది:
విషయం కూడా గట్టిదే. యూజర్ నేమ్ గడిలో కొన్నిసార్లు @ ముందున్న ముక్కే పడుతుంది, చాలా ఆఫీసు సర్వర్లకేమో మొత్తం అడ్రసు కావాలి. పాస్‌వర్డు తప్పనుకుని జనం దాన్నే మళ్ళీ మళ్ళీ కొడుతూ కూర్చుంటారు. తాళం (ఎన్‌క్రిప్షన్) సంగతీ చెప్పాలి. 993, 465 మొదటి నుంచీ తాళంతోనే మాట్లాడతాయి. 587 తెరిచి మొదలుపెట్టి, స్టార్ట్‌టీఎల్‌ఎస్ అన్నాక తాళం వేస్తుంది. 587 పక్కన మొదటి నుంచీ తాళమేసే ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్ ఎంచుకుంటే కనెక్షన్ అక్కడే ఆగిపోతుంది. మైక్రోసాఫ్ట్ 365 ఉన్న ఆఫీసుల్లో 2022 అక్టోబరు నుంచి పాప్, ఐమ్యాప్‌లకు వట్టి పాస్‌వర్డును ఎత్తేస్తూ వచ్చారు. అక్కడ ఆథెంటికేషన్ దగ్గర ఓఆథ్2 (పాస్‌వర్డుకు బదులు టోకెన్‌తో గుర్తింపు) పెట్టాల్సిందే, ఎంత మంచి యతి వేసినా సరే.

యతిమైత్రి:
అందరూ రాకడ గురించే రాస్తున్నారు, పోకడ ఎవరికీ పట్టలేదు. నాదొకటి.
గిరిగజశరపోర్టు కిటికీని దెరచితి
పంపు జాబు కాపి పదిలమాయె
సెంటుపెట్టెలోన చెక్కుచెదరలేదు
ఉత్తరంబు కదలకూరు చేరె

కొత్తకలం:
మాస్టారూ, గిరులు ఏడు, గజాలు ఎనిమిది, శరాలు అయిదు, 587 సరే. కానీ 'గిరిగజశరపోర్టు' వైరిసమాసం (సంస్కృత పదాలకు పరాయి పదాన్ని అతికించడం) కాదా అండీ?

యతిమైత్రి:
'గిరిగజశర' అనేది ఆ పోర్టుకు ముద్దుపేరనుకో నాయనా.

నిర్వాహకుడు:
అనుకోం. దోషం దోషమే, 'కాపి' దీర్ఘాన్ని మింగడం కూడా. కానీ పోకడని పట్టడం బాగుంది.

సర్వర్‌గది:
పూరణ భలే ఉంది. చిన్న మాట: మెయిలు పంపే పద్ధతి ఎస్‌ఎంటీపీ ఉత్తరాన్ని మోసుకెళ్తుందే గాని సెంట్ ఫోల్డర్లో దాచదు. ఆ ప్రతిని థండర్‌బర్డ్ విడిగా ఐమ్యాప్ దారిన సర్వర్లో పెడుతుంది. అందుకే అవతలివాళ్ళకి మెయిలు అందినా, ఒక్కోసారి 'సెంట్‌లో కాపీ పెట్టలేకపోయాను' అని గొణుగుతుంది. కిటికీ ఒకటి, అల్మరా ఇంకొకటి. మీ పద్యంలో రెండూ ఒకే గోడకున్నాయి.

బందరులడ్డు:
ఆలస్యానికి మన్నించాలి. మా ఆఫీసు సర్వరు నోయిడాలో ఉంది, నేను ఇంట్లో.
నోయిడాన నున్న నూతన సర్వరు
బందరింటి తెరను వంగి చూచె
దిక్కు మారలేదు, తెలిమంచు రాలేదు
ఉత్తరంబు కదలకూరు చేరె

కొత్తకలం:
ఉత్తరం అంటే ఉత్తర దిక్కు! అమ్మో.

యతిమైత్రి:
గణాలు, యతులు అన్నీ సరి. బం–వం మైత్రి కూడా ఉంది. అసూయగా ఉంది.

నిర్వాహకుడు:
చమత్కారం ఒప్పుకున్నా. కానీ చేత్తో సెట్ చెయ్యడం గురించి కదండీ అడిగింది. సర్వరుంది, తెరుంది, పోర్టేదీ?

బందరులడ్డు:
బందరు ఉందిగా, అంతకన్నా పోర్టేం కావాలండీ? నంబరంటారా, ఐటీ వాళ్ళనడగండి.