నిక్ క్లెగ్ పతనానికి ఫీజుల గొడవ ఒక్కటే కారణమా?

సాహితి_పాలిటిక్స్:
2010–15 మధ్య కన్జర్వేటివ్‌లు, లిబరల్ డెమోక్రాట్లు (లిబ్ డెమ్‌లు) కలిసి నడిపిన బ్రిటన్ సంకీర్ణ ప్రభుత్వం గురించి చదువుతున్నాను. 2010 ఏప్రిల్ 15న మొదటి టీవీ డిబేట్ అయ్యాక లిబరల్ డెమోక్రాట్ల నాయకుడు నిక్ క్లెగ్ పేరు దేశమంతా మారుమోగిపోయింది. కొన్ని సర్వేల్లో ఆ పార్టీ మొదటి స్థానానికి కూడా వచ్చింది. మే నెలలో 57 సీట్లతో ఆయన ఉప ప్రధాని అయ్యాడు. అయిదేళ్ళు తిరిగేసరికి ఆ పార్టీకి మిగిలినవి 8. ఎక్కడ చూసినా యూనివర్సిటీ ఫీజుల పెంపుకి ఓటు వేసిన సంగతే రాస్తున్నారు. సభలో వేసిన ఒక్క ఓటుకి ఒక పార్టీ ఇంతగా కూలిపోతుందా? అప్పట్లో అక్కడున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

హల్లమ్_పాత_ఓటరు:
సాహితి గారూ, నేను అప్పుడు షెఫీల్డ్‌లో ఉన్నాను. అది కూడా క్లెగ్ నియోజకవర్గం షెఫీల్డ్ హల్లమ్‌లోనే. చదువుకోడానికి వచ్చి అక్కడే ఉద్యోగంలో చేరాను. కామన్వెల్త్ దేశాల పౌరులు బ్రిటన్‌లో చట్టప్రకారం నివాసం ఉంటే పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. మనవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు. ఆ ఓటు నేను క్లెగ్‌కే వేశాను. అందుకే ఈ విషయంలో నాకు ఇప్పటికీ బాధ ఉంది.

అప్పటి ఉత్సాహం ఎలాంటిదో ముందు చెప్పాలి. పోలింగ్ రోజు సాయంత్రం మా నియోజకవర్గంలో కొన్ని బూత్‌ల దగ్గర స్టూడెంట్లు బారులు తీరారు. రాత్రి పదింటికి తలుపులు మూసేస్తే ఓటు వేయకుండానే చాలామంది వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది. (క్యూలో ఉన్నవాళ్ళని ఓటు వేయనివ్వాలని 2013లో చట్టం మార్చారు.) ఇంత ఊపున్నా సీట్లు మాత్రం పెరగలేదు. 2005లో 62 ఉంటే 57కి తగ్గాయి. గాలి వీచింది కానీ సీట్లు రాలలేదు. ఎవరికీ మెజారిటీ రాకపోవడంతో క్లెగ్ మద్దతు అవసరమైంది.

ఇక మీ ప్రశ్నకి వస్తాను. షెఫీల్డ్‌లో మొదటి దెబ్బ ఫీజులది కాదు, ఫోర్జ్‌మాస్టర్స్‌ది. అది మా ఊరి పాత ఉక్కు కంపెనీ. అణు విద్యుత్ కేంద్రాలకి కావలసిన భారీ భాగాలు చేయడానికి లోహాన్ని నొక్కి మలిచే పెద్ద ప్రెస్ యంత్రం పెట్టుకోవాలని వాళ్ళ ప్లాన్. దానికి 8 కోట్ల పౌండ్ల అప్పు ఇస్తామని లేబర్ ప్రభుత్వం దిగిపోయే ముందు మాటిచ్చింది. కొత్త ప్రభుత్వం జూన్‌లోనే దాన్ని రద్దు చేసింది. ఉప ప్రధాని మా ఎంపీ అయి ఉండి కూడా రద్దు సరైనదేనని సమర్థించాడు. స్టూడెంట్ల కంటే ముందు ఊళ్ళో పెద్దవాళ్ళ మనసు విరిగింది అక్కడే.

ఆ తర్వాత ఫీజులు. విద్యార్థి సంఘం తయారుచేసిన ప్రతిజ్ఞ కార్డు మీద సంతకం పెట్టి, దాన్ని చేత్తో పట్టుకుని క్లెగ్ ఫొటో దిగాడు. ఫీజుల పెంపుకి వ్యతిరేకంగా ఓటు వేస్తానని అందులో ఉంది. అదే ఎన్నికల్లో ఆ పార్టీ వేసిన టీవీ ప్రచార చిత్రం చూసే ఉంటారు. వీధుల నిండా కాగితాలు ఎగురుతూ ఉంటాయి, మధ్యలో క్లెగ్ నడుస్తూ ఉంటాడు. ఆ కాగితాలన్నీ పాత పార్టీలు తప్పిన వాగ్దానాలు. మాట తప్పని మనిషి అన్న పేరే ఆయన అసలు పెట్టుబడి. 2010 డిసెంబర్ 9న దాన్నే పోగొట్టుకున్నాడు. 3,290 పౌండ్లున్న గరిష్ఠ ఫీజుని 9,000కి పెంచే తీర్మానానికి అనుకూలంగా ఓటు వేశాడు. సొంత పార్టీలోనే 21 మంది ఎంపీలు ఎదురు తిరిగారు. వాళ్ళలో మాజీ నాయకులు చార్లెస్ కెన్నెడీ, మెంజీస్ క్యాంప్‌బెల్ కూడా ఉన్నారు.

నాకు అన్నిటికన్నా మింగుడుపడనిది ఒకటుంది. ఈ విషయంలో లిబ్ డెమ్‌లు ఓటింగ్‌కి దూరంగా ఉండొచ్చని సంకీర్ణ ఒప్పందంలోనే రాసుకున్నారు. దారి ఉంది, వాడుకోలేదు. యూనివర్సిటీల శాఖ వాళ్ళ మంత్రి విన్స్ కేబుల్ చేతిలోనే ఉంది, తెచ్చిన ప్రతిపాదనకి తామే ఓటు వేయకపోతే ఎలా అన్నది ఒక ఇబ్బంది. ఆ ఇబ్బంది అర్థమవుతుంది. కానీ ఆ శాఖ తీసుకునేటప్పుడే ఆలోచించాల్సిన విషయం అది. ఏడాదికి 21,000 పౌండ్లు దాటి సంపాదిస్తేనే ఫీజు కోసం తీసుకున్న అప్పు తిరిగి కట్టాలి, పాత పద్ధతి కంటే ఇదే నయం అని వాదించారు. అందులో నిజం లేకపోలేదు. కానీ వినే ఓపిక అప్పటికే ఎవరికీ లేదు.

మర్నాడు మా ఆఫీసులో ఒకావిడ టీ కలుపుకుంటూ "మా వాడి చేత నేనే ఓటు వేయించాను" అంది. ఆవిడ కొడుక్కి అదే మొదటి ఓటు. గట్టిగా తిట్టినా బాగుండేది అనిపించింది.

2011 మార్చిలో ఆ పార్టీ సమావేశాలు షెఫీల్డ్ సిటీ హాల్‌లో జరిగాయి. ఆ హాల్ ముందున్న బార్కర్స్ పూల్ కూడలి అంతా ఎత్తైన స్టీల్ కంచె కట్టి, ఎటు చూసినా పోలీసులే. సొంత ఊళ్ళో తన జనానికీ తనకీ మధ్య కంచె కావలసి వచ్చింది. మే 5న, ఆ పార్టీ పట్టుబట్టి తెచ్చిన ఓటింగ్ పద్ధతి మార్పు రిఫరెండంలో దాదాపు 68 శాతం వద్దన్నారు. వద్దనే వర్గం కరపత్రాల మీద క్లెగ్ ఫొటోనే వాడుకుంది. షెఫీల్డ్ కౌన్సిల్ కూడా ఆ రోజే లేబర్ చేతికి పోయింది. 2012 సెప్టెంబర్‌లో వీడియోలో క్షమాపణ చెప్పాడు. అదైనా నిలబెట్టుకోలేని మాట ఇచ్చినందుకు చెప్పాడు, వేసిన ఓటుకి కాదు.

ఓట్ల_లెక్క:
పైన రాసినవి నిజమే కానీ, షెఫీల్డ్ నుంచి చూస్తే సగమే కనిపిస్తుందండి. 2015లో పోయిన 49 సీట్లు ఎవరికి పోయాయో చూడండి. కన్జర్వేటివ్‌లకి 27, లేబర్‌కి 12, స్కాటిష్ నేషనల్ పార్టీకి 10. ఫీజుల కోపంతో కన్జర్వేటివ్‌లకి ఓటు వేసేవాళ్ళు ఎంతమంది ఉంటారు? పైగా ఆ ఫీజులు స్కాట్లాండ్ విద్యార్థులు తమ దేశంలో చదువుకుంటే వర్తించవు. నైరుతి ఇంగ్లాండ్‌లో ఆ పార్టీకి 15 సీట్లుంటే ఒక్కటీ మిగల్లేదు. లేబర్‌కి గెలిచే అవకాశం లేక, కన్జర్వేటివ్‌లని ఆపడానికి లిబ్ డెమ్‌లకి వేసిన ఓట్లు అక్కడ ఎక్కువ. మీరే వాళ్ళతో కలిశాక మీకెందుకు వేయాలి అనుకున్నారు ఆ ఓటర్లు. కలిసి పాలించిన పార్టీయే వచ్చి ఆ సీట్లు ఎత్తుకుపోయింది. పన్ను లేని ఆదాయ పరిమితిని 6,475 నుంచి 10,600 పౌండ్లకి పెంచాలన్న పట్టు లిబ్ డెమ్‌లది, పేరు కన్జర్వేటివ్‌లది. సంకీర్ణంలో చిన్న పార్టీకి ఎప్పుడూ ఉండే కష్టమే ఇది.

సాహితి_పాలిటిక్స్:
ఇద్దరికీ థాంక్స్. మరి అంత కోపం ఉంటే 2015లో హల్లమ్ ఆయన్ని ఎలా గెలిపించింది?

హల్లమ్_పాత_ఓటరు:
ఓట్ల లెక్క గారు చెప్పింది ఒప్పుకుంటాను. అయితే వెళ్ళిపోయిన ఓటరుని వెనక్కి పిలవాలంటే నమ్మే మాట ఒకటి ఉండాలి, అది డిసెంబర్‌లోనే పోయింది.

హల్లమ్ సంగతి: 2010లో 15,284 ఉన్న మెజారిటీ 2015లో 2,353కి పడిపోయింది. గెలిపించింది మేము కాదు, కన్జర్వేటివ్ ఓటర్లు. లేబర్ రాకుండా చాలామంది ఆయనకే వేశారు. అక్కడ కన్జర్వేటివ్‌ల వాటా సుమారు 24 శాతం నుంచి 14 శాతానికి తగ్గిపోయింది. మర్నాడే ఆయన నాయకత్వానికి రాజీనామా చేశాడు. 2017లో ఆ ఓటర్లు తమ పార్టీకి తిరిగి వెళ్ళిపోయారు, స్టూడెంట్లు లేబర్‌కి వేశారు. 2,125 ఓట్ల తేడాతో ఓడిపోయాడు. నేను కూడా లేబర్‌కే వేశాను.