‘ఫ్లేవర్డ్ టీ’ని తెలుగులో ఏమందాం?

పోస్టు: మా ఆడపడుచు చైనా నుంచి వస్తూ నాకో టీ డబ్బా తెచ్చిచ్చింది. మల్లెపూల గ్రీన్ టీ. మూత తీస్తే చాలు, వంటిల్లంతా మల్లెలే. లోపల చూస్తే ఒక్క పువ్వు లేదు, సన్నగా మెలి తిరిగిన ఎండు ఆకులు తప్ప. ఫ్యామిలీ గ్రూపులో థాంక్స్ చెబుతూ దీని గురించి తెలుగులోనే రాద్దామని కూర్చున్నాను. ‘ఫ్లేవర్డ్’ దగ్గర ఆగిపోయాను. ‘రుచి కలిపిన టీ’ అంటే ఏదో కల్తీ చేసినట్టుంది. ‘సుగంధభరిత హరిత తేనీరు’ అని రాస్తే మా ఇంట్లో దాన్ని ఎవరూ ముట్టుకోరు. మీరైతే ఏమంటారు?

గుంటూరు సభ్యుడు: ‘మల్లె టీ’ అంటే చాలదా అండీ? అల్లం టీ, యాలకుల టీ అంటూనే ఉన్నాంగా.

రాజమండ్రి సభ్యుడు: అల్లం టీలో అల్లం ఉంటుంది. ఈవిడ డబ్బాలో మల్లెలు లేవు. చిక్కంతా అక్కడే ఉంది. మాట వెతికే ముందు ఆ టీ ఎలా తయారవుతుందో చూడాలి.

మల్లె టీకి పేరున్న ఊరు ఫుజియాన్ ప్రావిన్స్‌లోని ఫుజౌ. అక్కడి మల్లె, టీ సాగు పద్ధతిని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2014లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. టీ ఆకు వసంతంలో వస్తుంది, మల్లెలు వేసవిలో వస్తాయి. అందుకని ఆకును ముందే తయారుచేసి, మల్లెల కాలం దాకా దాచిపెడతారు. మధ్యాహ్నం పూట, ఇంకా విచ్చని మొగ్గలనే కోస్తారు. మల్లె రాత్రికి గానీ విచ్చుకోదని మనకు ఒకరు చెప్పాలా! సరిగ్గా విచ్చే వేళకు వాటిని ఆకులో కలిపి కుప్ప పోస్తారు. తెల్లారేసరికి ఆకు పూల వాసనంతా పీల్చేసుకుంటుంది, దాంతోపాటు పూల తడిని కూడా. అప్పుడు పూలను జల్లించి తీసేసి, ఆకును మళ్ళీ ఆరబెడతారు. మేలు రకమైతే కొత్త పూలతో ఇదంతా మళ్ళీ మళ్ళీ చేస్తారు. కొన్ని ప్యాకెట్లలో కనిపించే ఎండు పూలు చాలావరకు చూపు కోసమే, వాటిలో వాసన ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

ఈ పనికి మనకు మాట ఉంది: పట్టించడం. తలకు నూనె పట్టిస్తాం, జుట్టుకు సాంబ్రాణి పొగ పట్టిస్తాం, ముక్కలకు మసాలా పట్టిస్తాం. నువ్వులను మల్లెపూలతో పొరలు పొరలుగా పరిచి, వాసన పట్టించి, ఆ తర్వాత గానుగ ఆడి తలనూనె తీయడం మన దేశంలో పాత పద్ధతే. చైనావాళ్ళు టీ ఆకుతో చేసేదీ అదే. కలపడం వేరు, పట్టించడం వేరు. చౌక రకాల్లో ఆకు మీద ఎసెన్స్ చల్లుతారు. దాన్ని ‘ఫ్లేవర్ కలిపిన టీ’ అనండి, తప్పులేదు. మీది మాత్రం ‘మల్లెలు పట్టించిన టీ’.

హన్మకొండ సభ్యురాలు: ‘పట్టించిన’ బాగుంది సార్, కానీ అది చేసేవాళ్ళ వైపు నుంచి చెప్పే మాట. ఆకు వైపు నుంచి చెప్పాలంటే ‘అబ్బడం’. పూలతో పాటు నారకూ వాసన అబ్బినట్టు అంటాం గదా. చదువు అబ్బుతుంది, పక్కవాళ్ళ అలవాట్లు అబ్బుతయి. బంగారానికి తావి అబ్బినట్టు అనేదీ ఉండనే ఉంది. ‘మల్లెతావి అబ్బిన టీ’ అనొచ్చు.

గుంటూరు సభ్యుడు: ‘తావి’ డబ్బా మీద అచ్చు వేయడానికి బాగుంటుంది మేడమ్. ఇంట్లో ఎవరంటారు? అలాగని ‘వాసన’ అందామంటే దానికీ ఈమధ్య రోజులు బాలేవు. ‘ఏదో వాసన వస్తోంది’ అంటే అందరూ చెత్తబుట్ట వైపే చూస్తారు.

బళ్ళారి సభ్యుడు: ‘కంపు’కు పట్టిన గతి ఇంకా ఘోరం. పాత తెలుగులో దానికి పరిమళమనే అర్థం కూడా ఉండేది. మా ఊళ్ళో కన్నడంవాళ్ళకు ఇప్పటికీ అది మంచి వాసనే, మల్లిగె కంపు అంటే వాళ్ళకు కవిత్వం. అదే మాట మా ఇంట్లో అంటే కిటికీలు తీస్తారు.

గుంటూరు సభ్యుడు: పువ్వు పోయి వాసన మిగిలిందంటున్నారు కాబట్టి, ‘ఇంగువ కట్టిన గుడ్డ’ సరిపోతుందేమో!

రాజమండ్రి సభ్యుడు: అర్థం సరిపోతుంది, సందర్భం కుదరదు. ఆస్తులు కరిగిపోయి పేరు మాత్రం మిగిలిన ఇళ్ళను అలా అంటారు. ఆడపడుచు ఇచ్చిన కానుక మీద ఆ మాట రాయించి ఈవిడను ఇరికించకండి.

పోస్టు పెట్టినావిడ: అందరికీ థాంక్స్ అండీ. ‘మల్లెలు పట్టించిన టీ’ అనే రాస్తాను. ఇంకో సందేహం. తాగాక నాలుక మీద ఏదో పట్టేసినట్టు ఉంటోంది. మా అత్తగారు చేదంటారు, మావారు కషాయమంటారు. ఏది సరి?

హన్మకొండ సభ్యురాలు: నాలుక పట్టేస్తే అది వగరు. మా దిక్కు ఒగరు అంటం. పచ్చి అరటికాయ, వక్క, నేరేడుపండు, అన్నీ ఆ కోవే. గ్రీన్ టీలో ఉండే కొన్ని పదార్థాలు మన లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేసుకుంటయి, అందుకే నోరు బిగిసినట్టు అయితది. అత్తగారికి చేదు కూడా తగిలిందంటే మరిగే నీళ్ళు పోసి చాలాసేపు ఉంచి ఉంటరు. నీళ్ళు 75, 80 డిగ్రీలు ఉంటే చాలు. రెండు మూడు నిమిషాలకే ఆకు వడకట్టేయండి, చేదు తగ్గుతది.

రాజమండ్రి సభ్యుడు: మీవారు వెక్కిరించడానికే అని ఉండొచ్చు గానీ, సంస్కృతంలో కషాయమంటే వగరే. షడ్రుచుల లెక్కలో దాని పేరు అదే.