స్విఫ్ట్ సర్వీసుకి ఫోన్లో 8,500 అన్నారు, బిల్లు 21,098 వేశారు. ఇందులో ఎంత ఇవ్వాలి?

బెజవాడ_స్విఫ్ట్:
2019 స్విఫ్ట్ పెట్రోల్, 62 వేల కిలోమీటర్లు తిరిగింది. విజయవాడలో ఒక మల్టీబ్రాండ్ షెడ్డులో జనరల్ సర్వీసుకి, ముందు బ్రేక్ ప్యాడ్లకి, వీల్ అలైన్‌మెంట్‌కి ఇచ్చాను. 8,500 అవుతుందన్నారు. మధ్యలో ఫోన్ చేసి ఎడమ లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి అడుగుభాగానికి కలిపే చేయి) పోయిందంటే సరే అన్నాను. ఇంకేదీ నన్ను అడగలేదు. కారు ఇంకా వాళ్ల దగ్గరే ఉంది.

బిల్లు ఇది:
స్పేర్లు: ఆయిల్ 4 లీటర్లు 2,600, ఆయిల్ ఫిల్టర్ 180, ముందు ప్యాడ్లు 2 సెట్లు 4,300, లోయర్ ఆర్మ్ 2,100. మొత్తం 9,180.
లేబర్: జనరల్ సర్వీసు 1,500, ప్యాడ్లు మార్చినందుకు 900, లోయర్ ఆర్మ్ 1,200, అలైన్‌మెంట్ 650, డిస్క్ స్కిమ్మింగ్ 1,200, ఇంజెక్టర్ క్లీనింగ్ 1,500, ఇంజిన్ ఫ్లష్ 450, ఏసీ డిసిన్ఫెక్షన్ 900, కన్స్యూమబుల్స్ 400. మొత్తం 8,700.
రెండూ కలిపి 17,880. దాని మీద 18% జీఎస్టీ.

స్పేర్ల రేట్లు ప్యాకెట్ల మీద ఎమ్మార్పీతో సరిపోయాయి. మరి తేడా ఎక్కడుంది?

స్పానర్_12:
రేట్లు కాదండీ, ముందు క్వాంటిటీ చూడండి. డిస్క్ ప్యాడ్లు ఒక సెట్టు అంటే పెట్టెలో నాలుగు ప్యాడ్లు: కుడి చక్రానికి రెండు, ఎడమ చక్రానికి రెండు. మీ కారుకి డిస్కులు ముందు మాత్రమే, వెనక డ్రమ్ములు. రెండో సెట్టు ఎక్కడ బిగిస్తారు? ఖాళీ పెట్టెలు ఎన్నున్నాయో, పాత ప్యాడ్లు ఎన్నున్నాయో చూపించమనండి. పాతవి నాలుగే వస్తాయి. అవి చూసేటప్పుడే మందం కూడా గమనించండి. కొత్త ప్యాడ్ మీద మెటీరియల్ సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది, 3కి దిగితే మార్చాలి. పాతవాటి మీద ఇంకా 6, 7 ఉంటే అసలు మార్చాల్సిన పనే లేదు.

తర్వాత ఆయిల్. ఈ ఇంజిన్‌కి నాలుగు లీటర్లకి తక్కువే పడుతుంది, కచ్చితమైన అంకె ఓనర్స్ మాన్యువల్లో ఉంటుంది. షెడ్డులోనే తేల్చుకోవచ్చు. బండి చదునైన నేల మీద ఉండాలి, ఇంజిన్ ఆపి ఐదు నిమిషాలు ఆగాలి. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే గీతల పుల్ల) ఒకసారి తుడిచి, మళ్లీ పెట్టి తీయండి. నాలుగూ పోసి ఉంటే పై గీత దాటి ఉండాలి. దాటితే పైన ఉన్నది తీయించండి, ఎక్కువైన ఆయిల్‌ని ఇంజిన్ లోపల తిరిగే క్రాంక్ చిలికి నురగ చేస్తుంది, పంపు నురగని సరిగ్గా తోడలేదు. దాటకపోతే మిగిలిన ఆయిల్ డబ్బాలో ఉండాలి. డబ్బాకి డబ్బులు మీవే కాబట్టి ఆ మిగిలిందీ మీదే.

స్కిమ్మింగ్ (డిస్క్ ముఖాన్ని లేత్ మీద గీకి చదును చేయడం) చేశారో లేదో తెలియాలంటే చక్రం సందులోంచి టార్చి వేసి డిస్క్ చూడండి. వాడిన డిస్క్‌కి ప్యాడ్ తగలని బయటి అంచున తుప్పు పట్టిన గట్టు ఒకటి ఉంటుంది. లేత్ మీద ఎక్కితే ఆ గట్టు పోతుంది, ముఖం మీద సన్నటి గుండ్రటి గీతలు సమానంగా పడతాయి. గట్టు అలాగే ఉంటే లేత్ తగల్లేదు. అయినా బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణకడం, లోతైన గాడులు లేకపోతే స్కిమ్మింగ్ దండగ. డిస్క్‌కి కనీస మందం దాని మీదే చెక్కి ఉంటుంది, ఊరికే గీకితే ఆ హద్దుకి త్వరగా చేరుతుంది.

ఇంజెక్టర్ క్లీనింగ్ అంటే చాలా చోట్ల ట్యాంకులో ఒక సీసా మందు పోయడమే. నిజంగా విప్పి కడిగితే ఓ-రింగులు (రబ్బరు సీళ్లు) కొత్తవి వేస్తారు, అవి బిల్లులో ఉండాలి. మీ బిల్లులో లేవు.

లెక్కల_రావు:
బిల్లులో అసలు తప్పు పన్ను దగ్గరుంది. ఎమ్మార్పీ అంటేనే అన్ని పన్నులూ కలిపిన ధర. దాని మీద మళ్లీ జీఎస్టీ వేయకూడదు. 2,150 ప్యాడ్ల సెట్టుని బిల్లులో 1,822 ధర, 328 జీఎస్టీ అని విడదీసి చూపించాలి. మీకు 9,180 స్పేర్ల మీద 1,652 అదనంగా వేశారు. లేబర్ మీద 18% మాత్రం సరైనదే.

జీఎస్టీ నంబరు కూడా పోర్టల్లో కొట్టి చూడండి. ఆంధ్రా నంబరు 37తో, తెలంగాణది 36తో మొదలవుతుంది. కాంపోజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు తమ అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను తామే కట్టే పద్ధతి) ఉన్నవాళ్లైతే కస్టమర్ దగ్గర పన్ను వసూలు చేసే హక్కే లేదు, లేబర్ మీద కూడా. ఎక్కడైనా 28% కనిపిస్తే అదీ తప్పే, 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో స్పేర్లన్నిటికీ 18 శాతమే.

గేర్_గోవిందు:
అన్నీ దొంగలెక్కలే అనకండి. లోయర్ ఆర్మ్ మార్చాక అలైన్‌మెంట్ తప్పదు, ముందూ తర్వాతా రీడింగుల ప్రింటు అడగండి. శ్రమకి ఎమ్మార్పీ ఉండదు, ప్యాడ్లకి 900 కాస్త ఎక్కువే కానీ దాని మీద గొడవ పడితే అసలు విషయం పక్కకి పోతుంది.

బెజవాడ_స్విఫ్ట్:
చూశానండి. ప్యాడ్ల పెట్టె ఒక్కటే ఉంది. ఆయిల్ రెండు గీతల మధ్యే ఉంది. డిస్క్ అంచున గట్టు అలాగే ఉంది. డబ్బు మొత్తం కడితేనే తాళం ఇస్తామంటున్నారు.

లెక్కల_రావు:
అయితే లెక్క ఇదీ. స్పేర్లు ఒక సెట్టు ప్యాడ్లతో 7,030, పన్ను అందులోనే. లేబర్ మీరు ఒప్పుకున్న నాలుగు పనులకి 4,250, జీఎస్టీ 765. మొత్తం 12,045. లోయర్ ఆర్మ్ తీసేస్తే 8,529, అంటే వాళ్లు ఫోన్లో చెప్పిన అంకెకే వస్తుంది. ఈ లెక్క షెడ్డు ఓనరుకి చూపించండి, మెకానిక్‌కి కాదు. ఏసీ స్ప్రే నిజంగా కొట్టి ఉంటే ఆ 900 దగ్గర పట్టు విడిచినా ఫర్వాలేదు.

తాళం సంగతికొస్తే, చేసిన పనికి న్యాయంగా రావాల్సింది ఇచ్చేదాకా బండి ఆపుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ వాళ్లకిచ్చింది. చేయని స్కిమ్మింగ్‌కి అది వర్తించదు. కానీ తాళం వాళ్ల చేతిలో ఉండగా వాదన సాగదు. బండి అత్యవసరమైతే మొత్తం యూపీఐలోనే కట్టండి, క్యాష్ వద్దు. కట్టేముందు వాళ్ల వాట్సాప్‌కి "ఫలానా పనులకు అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి పంపండి. డిప్‌స్టిక్, డిస్క్ అంచు, పెట్టె ఫొటోలు బండి కదలకముందే తీయాలి, నాలుగు రోజులు నడిపాక తీస్తే వాటికి విలువ ఉండదు.

తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఎమ్మార్పీ మీద పన్ను వేసిన సంగతి తూనికలు కొలతల శాఖకి విడిగా రాయండి. దానికీ దిగిరాకపోతే ఈ-జాగృతి పోర్టల్లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, గడువు రెండేళ్లు.